అంతయ్య హెలికాప్టరు

"ఇవాళ వద్దు అంతయ్య గారూ, నా మాట వినండి. నిన్న కూడా తిన్నగా తీసుకెళ్ళి ప్లాట్ల బోర్డుకి గుద్దేశారు," అన్నాడు మురళీకృష్ణ.

"ఇయ్యాల కాకుంటే ఇంకెప్పుడు సారూ? రేపటి సంది ఆమె ఈ గల్లీకే రాదు," అన్నాడు అంతయ్య, రిమోట్ పట్టీని మెడలో వేసుకుంటూ.

దిల్‌సుఖ్‌నగర్ వెనక ఒక కాలనీ గల్లీ అది. పొద్దున పదిన్నరయింది. గల్లీ మొదట్లో తన షేర్ ఆటో ఆపుకుని, దాని వెనక దొంగలా నక్కి ఉన్నాడు అంతయ్య. గల్లీ అవతలి చివర అతని భార్య ఈరమ్మ రోడ్డు ఊడుస్తోంది. ఆవిడ మున్సిపాలిటీ చీపురు పట్టి ముప్ఫై ఏళ్ళు. ఇవాళే ఆఖరి డ్యూటీ. ఊరేగింపుల్లో ఎవరెవరి మీదో కురిసిన పూలన్నీ ఇన్నేళ్ళూ ఊడ్చిపోసింది గానీ, ఆవిడ నెత్తిన ఒక్క రేకు పడిన పాపాన పోలేదు. ఇవాళ పడాలి. అదీ హెలికాప్టరులోంచి పడాలి. అంతయ్య పంతం అది.

అందుకే ఇంటి ఓనరు మురళీకృష్ణని బతిమాలి, ఆయన ఆదివారాలు ముచ్చటపడి ఎగరేసుకునే చిన్న హెలికాప్టరు మీద రెండు వారాలుగా కుస్తీ పడుతున్నాడు. తెల్లారగానే తుర్కయంజాల్ ఖాళీ ప్లాట్లలో పాఠాలు. ఇప్పటికి ఆరు ప్లాస్టిక్ రెక్కలు విరిచాడు. కిక్కిరిసిన రోడ్డు మీద ఆటోని సందుల్లోంచి దూర్చే చేతులకి రిమోట్ మీదున్న రెండు పుల్లలు లొంగడం లేదు. ఓనరు మాత్రం ఓపిక వదులుకోలేదు. హెలికాప్టరు పొట్ట కింద చిన్న అట్టపెట్టె కూడా బిగించి ఇచ్చాడు. దాంట్లో దోసెడు గులాబీ రేకులు. ఎర్ర మీట నొక్కితే పెట్టె అడుగు తెరుచుకుంటుంది.

"ఒక్కటే గుర్తుపెట్టుకోండి. తోక మనవైపు ఉన్నంతసేపూ కుడి కుడే, ఎడమ ఎడమే. ముక్కు మనవైపు తిరిగిందంటే అంతా తారుమారు. మీరు కుడికి నొక్కితే అది ఎడమకి పోతున్నట్టు కనిపిస్తుంది."

"అసలు తిరగనిస్తే గద సారూ."

హెలికాప్టరు బుర్రుమంటూ లేచింది. రెండో అంతస్తు ఎత్తున, పద్ధతిగా, ఈరమ్మ వైపు సాగింది. ఇంకో ఇరవై అడుగులు పోతే చాలు.

అప్పుడే ఒక గాలి తెర కొట్టింది. హెలికాప్టరు గిర్రున తిరిగి ముక్కు ఇటు పెట్టింది. అంతయ్య కుడికి నొక్కాడు. అది ఎడమకి, సరాసరి కరెంటు తీగల వైపు పోయింది. అంతయ్య ఇంకా గట్టిగా కుడికి నొక్కాడు. పైగా అతని కుడికాలు నేలని టపటపా తొక్కడం మొదలుపెట్టింది.

"దానికి బ్రేకు లేదండీ," అన్నాడు మురళీకృష్ణ, నెత్తి పట్టుకుని.

కంగారులో బొటనవేలు ఎర్ర మీట మీద పడింది. దోసెడు రేకులూ నడి గల్లీలో, ఈరమ్మ అప్పుడే అద్దంలా ఊడ్చిపెట్టిన చోట, వృథాగా రాలిపోయాయి. హెలికాప్టరు పోయి ఎవరింటి ముందరి ఇసక కుప్పలోనో కూలబడింది. మురళీకృష్ణ అటు పరుగెత్తాడు.

ఈరమ్మ వెనక్కి తిరిగి చూసింది.

"ఎవలు గిది పోసింది? గిప్పుడే గద ఊడ్చిన. జర కండ్లు పెట్టి చూడొద్దా?" అని పై అంతస్తు కిటికీలని తిట్టుకుంటూ వెనక్కొచ్చింది. ఒంగి, ఒక్కో రేకునీ చేటలోకి ఊడవసాగింది.

అంతయ్య రిమోట్‌ని వీపు వెనక దాచుకున్నాడు. ఆఖరి రోజైనా ఆమెకి పూలు ఊడిచే పని తప్పలేదు. అదీ తను పోసిన పూలే. అతనికి ఏడుపొచ్చినంత పనయింది.

ఈరమ్మ చీపురూ చేటా పట్టుకుని ఆటో దాకా వచ్చి ఆగింది. "గిరాకి ఇడిసిపెట్టి ఈడేం చేస్తున్నవ్?"

"ఊకెనే ఒచ్చిన."

"ఎనక ఏంది?"

"ఏం లేదు."

"మరి మెడల ఆ పట్టీ ఏంది?"

ఇక దాచి లాభం లేదు. అంతయ్య రిమోట్ ముందుకు తెచ్చాడు. "నీ నెత్తి మీద పడాల్నని పదిహేను దినాల సంది నేర్సుకుంటున్న. రాలే. నాతోని కాలే ఈరమ్మా," అన్నాడు తల దించుకుని.

ఈరమ్మ చేటలోకి చూసింది. తర్వాత రోడ్డు పక్కన చతికిలబడి, రేకుల్లోంచి ఇసకనీ ఎండుటాకులనీ ఏరి పారేసింది. ఉఫ్‌మని దుమ్ము ఊదింది.

మురళీకృష్ణ హెలికాప్టరుని ఎత్తుకుని వచ్చాడు. "అదృష్టం, రెక్కలు బాగానే ఉన్నాయి. పదండి ఇంటికెళ్దాం."

"జర ఆగు సారూ," అంది ఈరమ్మ. ఆయన చేతుల్లో ఉన్న హెలికాప్టరుని వెల్లకిలా తిప్పి, తెరుచుకున్న పెట్టెలోకి రేకులన్నీ ఒంపి మూసి, చీపురు ఆటోకి ఆనించింది. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని గల్లీ నడుమకి పోయి నిలబడింది.

"మళ్ళ లేపయ్యా. గీసారి అది యాడికి పోతే ఆడికి నేనే ఉరుకుత."