తేనె రంగు వచ్చేదాకా

సెప్టెంబరు ఇరవై ఐదు, గురువారం. ఉదయం ఎనిమిదింటికి వీబ్కె రికెల్స్ కంచె దగ్గరికి వచ్చి పక్కింటి గాజు షెడ్డులోని గంజాయి మొక్కలు లెక్కపెట్టింది. నాటిన వారం నుంచి ప్రతి గురువారం లెక్కపెడుతూనే ఉంది.

"మూడే," అన్నాడు హైకో టామెన్ షెడ్డులోంచి. "చట్టం మనిషికి మూడు మొక్కలంది, మూడే వేశాను. నాలుగోది కనబడితే చెప్పండి, వేళ్లతో సహా పీకి మీ చేతిలో పెడతా."

"కనబడుతుంది లెండి. మీ సంగతి పంతొమ్మిదేళ్లుగా చూస్తున్నా."

పంతొమ్మిదేళ్ల కిందట హైకో ఆమె బేరి చెట్టు కొమ్మలు కొట్టేశాడు. తన వైపు వాలినవే కొట్టానని అతను అంటాడు. ఆ చలికాలం చెట్టు ఎండిపోయింది. అప్పటి నుంచి ఇద్దరి మధ్య పలకరింపు లేదు. తిట్లు ఉన్నాయి.

హైకో ఓడల యార్డులో ముప్పై ఏళ్లు వెల్డింగు చేశాడు. ఇప్పుడు అరవై మూడేళ్లు. వేళ్ల కీళ్లనొప్పితో చొక్కా గుండీ పెట్టుకోలేడు. మాత్రలు కడుపుకు పడలేదు. గంజాయితో నొప్పి తగ్గుతుందని కిందటేడు మొక్కలు వేసి, తొందరపడి కోశాడు. కొత్తగా తలనొప్పి వచ్చింది, పాత నొప్పి పోలేదు. ఈసారి పంట సరిగ్గా రాకపోతే ఇంకో చలికాలం ఆ వేళ్లతోనే గడపాలి.

అక్టోబరు రెండున కత్తెర తీసుకుని షెడ్డులోకి వెళ్లాడు.

"అప్పుడే కోతా?" అంది వీబ్కె కంచె అవతల నుంచి.

"మొగ్గల మీద పీచు గోధుమరంగుకు తిరిగింది. కనబడట్లేదా?"

"పీచు చూసి కోసేవాళ్లు మొక్కజొన్న వేసుకోవాలి. భూతద్దం ఉందా? ఎందుకుంటుందిలే." ఆమె ఆప్రాన్ జేబులోంచి తనది తీసి కంచె మీద పెట్టింది. "తుడిచి ఇవ్వండి."

హైకో ఒక మొగ్గను దగ్గరగా చూశాడు. దాని మీద గుండుసూది తలల్లాంటి జిగురు బొట్లు.

"ఏ రంగు?"

"రంగేం లేదు. నీళ్లలా ఉన్నాయి."

"అయితే పచ్చిది. ముందు పాలలా మారాలి. పాలలో అక్కడక్కడ తేనె రంగు కనబడిన రోజు కోయాలి. ఇవాళ కోస్తే కిందటేటి గడ్డే మళ్లీ."

"నా మొక్కల మీద మీకెందుకండీ అంత ప్రేమ?"

"ప్రేమ మొక్కల మీద. మీ మీద కాదు, భయపడకండి. నలభై ఏళ్లుగా డేలియా పూలు పెంచుతున్నదాన్ని. ఇలా హత్య చేస్తుంటే చూడలేను."

హైకో కత్తెర లోపల పెట్టాడు.

తొమ్మిదో తేదీన వాన మొదలైంది. ఐదు రోజులు వదల్లేదు. బూజు పడితే మూడు మొక్కలూ పోతాయి. రెండో రోజుకే హైకో మళ్లీ కత్తెర తీశాడు.

"ఓడలు కట్టిన మనిషి వానకు భయపడుతున్నాడు," అంది వీబ్కె గొడుగు కింద నుంచి. "కప్పు కిటికీ తెరవండి. కింది ఆకులు తుంచండి, గాలి ఆడుతుంది. మొగ్గలు ఇంకా ఉబ్బుతాయి."

"బూజు పడితే పండగ చేసుకుందామనేగా?"

"మిమ్మల్ని ఏడిపించడానికి నాకు బూజు సాయం అక్కర్లేదు టామెన్ గారూ."

కిటికీ తెరిచాడు. ఆకులు తుంచాడు. బూజు పడలేదు. మొగ్గలు వేలంత లావు నుంచి పిడికిలంత లావయ్యాయి.

పదహారు, గురువారం. హైకో ఒక మొగ్గ తుంచి కంచె మీద పెట్టాడు. వీబ్కె చాలాసేపు భూతద్దంలో చూసింది.

"ఇవాళే. రేపటికి ఆగొద్దు. చీకటి గదిలో తలకిందులుగా పన్నెండు రోజులు వేలాడదీయండి. కాడ వంచితే టప్పున విరగాలి. వంగితే ఇంకా పచ్చే."

థాంక్స్ అనే మాట హైకో నోటిదాకా వచ్చింది. "సరే" అన్నాడు. ఆమె అప్పటికే వెనక్కి తిరిగింది.

ఇరవై ఎనిమిదిన కాడ టప్పున విరిగింది. మొగ్గలన్నీ కత్తిరించి ఏడు గాజు సీసాల్లో నింపాడు. నాలుగింటికి టీ పెట్టుకుని కూర్చున్నాడు. కప్పు ఎత్తేలోపు బెల్లు మోగింది.

ఇద్దరు పోలీసులు. చేతిలో సోదా ఉత్తర్వు. మహిళా అధికారి సీసాలు ఖాళీ చేసి తూకం వేసింది. నాలుగు వందల ముప్పై గ్రాములు.

"మూడు మొక్కలేనమ్మా! చట్టం చదివే వేశాను. షెడ్డులో మొదళ్లు ఉన్నాయి, లెక్కపెట్టుకోండి."

"మొక్కలు మూడు ఉండొచ్చు, తప్పులేదు. కోసి ఎండబెట్టాక మాత్రం ఇంట్లో మనిషికి యాభై గ్రాములే ఉండాలి. ఆ ముక్క చదవలేదా?"

"కిందటేడు నలభై కూడా రాలేదు. చదవాల్సిన అవసరం పడలేదు."

"ఈసారి బాగా పండించారు," అంది ఆమె. సరుకంతా సంచిలో వేసి సీలు వేసింది. కేసు కట్టక తప్పదని చెప్పింది. సంతకం కోసం ఫైలు తెరిచి టేబుల్ మీద పెట్టింది.

హైకో పెన్ను పట్టుకోబోయాడు. వేళ్లు వంగలేదు. రెండో చేత్తో పట్టుకున్నాడు. ఫైలులో పైన ఉన్న కాగితం ఫిర్యాదు.

మే ఎనిమిదో తేదీ వేసి, కింద వీబ్కె రికెల్స్ సంతకం చేసిన ఆ కాగితంలో ఇలా ఉంది: "మొక్కగా ఉన్నంతకాలం నేరం కాదట కనుక ఇప్పుడు రావద్దు, బాగా పండించి, అతని చేతే కోయించి, ఎండబెట్టించాక నేనే కబురు చేస్తాను."