సగటు భోజనం

“తప్పు,” అంది భాగ్యరేఖ, రొట్టెల పిండి కలుపుతూనే. “ముప్ఫై ఐదునీ ముప్ఫై ఏడునీ కలిపి రెండుతో భాగించేస్తే ఎలాగే? క్లోరిన్‌లో ముప్ఫై ఐదు బరువున్న పరమాణువులు మూడుంటే, ముప్ఫై ఏడుది ఒక్కటే ఉంటుంది. ముప్ఫై ఐదుని మూడుసార్లు, ముప్ఫై ఏడుని ఒక్కసారి వేసి కలుపు, నాలుగుతో భాగించు.”

కూతురు రోహిణి లెక్క మళ్లీ వేసింది. “ముప్ఫై ఐదున్నర. అచ్ఛా, అలాగా!”

గోడవార కూర్చున్న నూకమ్మ గడియారం మీంచి చూపు తిప్పింది. “ముప్ఫై ఐదున్నర బరువున్నది అందులో ఏదే పాపా?”

“ఒక్కటీ ఉండదు మామ్మా. అది సగటు.”

“మన బోజనాల్లాగన్నమాట.”

భాగ్యరేఖ చెయ్యి పిండిలో ఆగిపోయింది. మూడు నెలల కిందట అత్తగారు శ్రీకాకుళం నుంచి భిలాయి వచ్చినప్పుడు ఆ లెక్క వేసింది తనే. మొగుడు, తను, కూతురు తొమ్మిదికి తింటారు. ఆవిడ ఏడుకి తింటుంది. సగటున ఎనిమిదిన్నర. అందరికీ న్యాయం చేశానని అప్పట్నుంచీ తృప్తిగా ఉంది.

“ఆకలేస్తోందా అత్తా?”

“ఏడైతే ఎయ్యదేటి? ఎనిమిదిన్నరకి అదే చచ్చిపోద్దిలే.”

“నాకైతే ఎనిమిదిన్నరకి ఆకలే వెయ్యదు,” అంది రోహిణి పుస్తకంలోంచి.

భాగ్యరేఖ చేతులు కడుక్కుని, కంచంలో అన్నం, పప్పు పెట్టి అత్తగారి ముందుంచింది.

“మరి మీరో?”

“మేం తొమ్మిదికి తింటాం.”

నూకమ్మ నాలుగు ముద్దలు తిన్నాక తలెత్తింది.

“పప్పు బాగుందే. ఇన్నాళ్లూ నీకు వంట రాదనుకున్నాను.”