బరువు తెలిసిన చేతులు

"నన్ను ఖాళీ పళ్ళెంలా ఎత్తేస్తోందే అది. నేను రాను," అంది మాణిక్యాంబ, మంచం పట్టె గట్టిగా పట్టుకుని.

తుంటి విరిగాక ఆవిడను స్నానానికి తీసుకెళ్ళేది మరమనిషే. తెనాలిలో ఇప్పుడు మరమనిషి లేని ఇల్లు లేదు. అది ఎవర్నీ ఎప్పుడూ పడెయ్యలేదు. అయినా భయంతో నాలుగు రోజులుగా ఆవిడ స్నానమే మానేసింది.

కోడలు వకుళకు పాత జపాన్ బొమ్మల సినిమాలంటే ప్రాణం. వాటిలో ప్రతి కదలికా చేత్తో గీసిందే. ఒకదాంట్లో ఓ పిల్ల నీళ్ళ బకెట్ ఎత్తబోయే ముందు కాళ్ళు ఎడంగా పెట్టుకుంటుంది, పట్టు మార్చుకుంటుంది, ఎత్తాక ఓ పక్కకు ఒరుగుతుంది.

"ఉత్త కాగితం మీద బరువెలా గీశారో చూడండత్తయ్యా," అని వకుళ ఎన్నిసార్లు చూపించిందో!

ఈసారి ఆ సినిమాలన్నీ మరమనిషికి చూపించింది. "ఇదిగో, ఇలా ఎత్తు," అంది.

ఐదో రోజు పొద్దున అది మంచం దగ్గరికొచ్చి మోకాళ్ళు వంచింది. చేతులు సర్దుకుని ఒక్క క్షణం ఆగింది. ఆవిడను ఎత్తుకుని నెమ్మదిగా లేచి, ఓ అడుగు వెనక్కి వేసి నిలదొక్కుకుంది.

మాణిక్యాంబ పట్టె వదిలేసి దాని మెడ చుట్టూ చెయ్యి వేసింది.

"అమ్మయ్య!" అనుకుంది వకుళ.

స్నానాల గది గుమ్మం దగ్గర అత్తగారు తల వెనక్కి తిప్పి, గొంతు తగ్గించి చెప్పింది. "రాత్రిళ్ళు నాకిక ఒక్క పుల్కా చాలే. పాపం, మొయ్యలేకపోతోంది."