కాచిన పాలు

"మామయ్యగారూ! బుజ్జిదానికి పాలు పట్టారా?"

ఫోన్ చెవికి ఆనించుకుని, పాలకేంద్రంలోని పరీక్షకురాలు తన ఎదుట ఉన్న గాజుపళ్ళెం వైపు మరొకసారి చూసింది. ఒక పశువులశాల నుంచి నిన్న తెచ్చిన పాల నమూనా అది. తెల్లవారేసరికి పళ్ళెమంతా ప్రమాదకరమైన బ్యాక్టీరియా చుక్కలు చుక్కలుగా మొలిచి ఉంది. అదే శాల పాలు ఈ ఉదయం తొమ్మిది ఇళ్ళకు పచ్చిపాలుగానే చేరాయి. ఆ తొమ్మిదవ ఇల్లు ఆమెదే.

"పట్టానమ్మా. గ్లాసెడూ తాగేసింది. మూతికి మీసాలు కూడా వచ్చాయి!" మామగారు నవ్వారు.

పిల్లకు ఇంకా రెండేళ్ళు నిండలేదు.

"అత్తయ్యగారు ఇంట్లో లేరు, పాలు కాయండని చెప్పి వచ్చాను కదా... కాచారా?"

"భలేదానివే! నువ్వంతగా చెప్పాక కాయకుండా ఉంటానా?"

"నిజంగా కాచారా? ఎంతసేపు?"

"అరగంట పైనే. అక్కణ్ణుంచి కదిలితే ఒట్టు. ఒక్క చుక్క పోనివ్వలేదు."

"అంతసేపు అక్కర్లేదు మామయ్యగారూ!" అంటూ ఆమె ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో బల్ల పట్టుకుని కూర్చుండిపోయింది.

అంతలో మేనేజరు లిస్టు పట్టుకుని ఆదరాబాదరాగా లోపలికి వచ్చారు.

"డాక్టరుగారు బండెక్కేశారు. ఉన్నది ఒక్క బండి. కాచకుండా తాగిన ఇళ్ళకే వెళతారట. ఊరి ఆ చివర మొదలుపెడితే తిరిగొచ్చేసరికి సాయంత్రమే. మీ ఇంటి సంగతేమిటమ్మా?"

"మా ఇల్లు కొట్టేయండి సార్. మా మామగారు ముప్పయ్యేళ్ళు గోదాములో వాచ్‌మన్‌గా చేశారు. చెప్పిన పని చెప్పినట్టు చేస్తారు."

మేనేజరు కలంతో ఒక గీత గీసి బయటికి పరుగెత్తారు. బండి చప్పుడు గేటు దాటి, మలుపు తిరిగి, వినబడకుండా పోయింది.

ఆమె చెమట తుడుచుకుని, ఇంకా పెట్టేయని ఫోన్‌ను మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంది.

"మామయ్యగారూ, ఎందుకైనా మంచిది, మిగిలిన పాలు పారబోసేయండి. గిన్నే, పొయ్యీ వేణ్ణీళ్ళతో శుభ్రంగా కడగండి."

"గిన్నె సరే, పొయ్యి దేనికమ్మా? అది వెలిగించనేలేదు. పక్కింటి పిల్లి మూతి పెట్టకుండా, కర్ర పుచ్చుకుని పాల పక్కనే కూర్చుని కాచాను!"