పక్క కంచం

“ఇంకాస్త పప్పు వెయ్యి చెల్లెమ్మా!”

కంచం ముందుకు జరిపాడు సురేష్‌బాబు. శ్రీదుర్గకు ఒళ్ళు మండింది.

రాజమండ్రిలో ఆసుపత్రి వెనక ఉన్న అద్దెగదులవి. ఆమె భర్త అప్పాజీకి కాన్సర్. కండ కరిగి మనిషి సగమైపోయాడు. బరువు పెరిగితేనే మళ్ళీ కీమో అన్నారు డాక్టరుగారు. ఆకలికి హార్మోను మాత్రలు రాస్తూ ఓ మాట చెప్పారు.

“మాత్ర ఆకలి పుట్టిస్తుందమ్మా. ముద్ద మింగాల్సింది మాత్రం ఆయనే.”

మాత్రలు మొదలుపెట్టిన రోజే దాపురించాడు ఈ పక్కగది మనిషి. జంగారెడ్డిగూడెమట. ఎవరికో తోడొచ్చి ఉంటాడనుకుంది శ్రీదుర్గ.

“ఒక్కణ్ణే తినబుద్ధి కాదండి,” అంటూ అన్నం వేళకు కంచంతో సహా హాజరు! పుల్లలా ఉండేవాడు, తిన్నదంతా ఎక్కడికి పోయేదో. కబుర్లు చెబుతూ, పప్పు దగ్గర్నుంచి పెరుగు దాకా మారు వేయించుకుని మరీ తినేవాడు.

అప్పాజీ ముఖం కాస్త తేరుకుంది. అంతా మాత్రల చలవేనని శ్రీదుర్గ దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

ఆవేళ మాత్రం ఉండబట్టలేకపోయింది.

“మీ గదిలో పొయ్యి లేదా అన్నయ్యగారూ?”

అతను నవ్వేసి, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. మరి రాలేదు.

మర్నాటి నుంచి అప్పాజీ రెండు ముద్దలకే కంచం తోసేయసాగాడు. వారం తిరిగేసరికి బరువు తగ్గింది. కీమో వాయిదా పడింది.

“మాత్ర వేసుకుంటున్నారుగా, ఆకలి లేదా?” ఏడుపొక్కటే తక్కువ శ్రీదుర్గకు.

“ఆకలేస్తోందే. ముద్దే దిగట్లేదు.”

“మొన్నటిదాకా తిన్నారుగా!”

“పక్కన మనిషి తింటుంటే మధ్యలో ఎలా లేస్తానే? మర్యాదేనా? నేను లేవబోయినప్పుడల్లా ఆయన మారు అడిగేవాడు.”

శ్రీదుర్గకు తల కొట్టేసినట్టయింది. పరుగున వెళ్ళి పక్కగది తలుపు తట్టబోయింది. తాళం వేసి ఉంది.

ఆసుపత్రిలో నర్సు మెర్సీని పట్టుకుంది.

“సురేష్‌బాబుగారాండీ? వాళ్ళవాళ్ళొచ్చి నిన్ననే ఇంటికి తీసుకెళ్ళిపోయారు. ఇంక చేసేదేం లేదన్నారు డాక్టరుగారు.”

“ఆయనకేమైందమ్మా? పూటపూటా మా ఇంట్లో మారు వేయించుకుని తిన్న మనిషి!”

మెర్సీ తెల్లబోయింది.

“తినడమేంటండీ! కాన్సరని జీర్ణాశయం మొత్తం తీసేస్తే, నాలుగు ముద్దలు దాటితే చాలు నొప్పితో మెలికలు తిరిగిపోయే మనిషండీ ఆయన!”