ఆ ఊరే ఎందుకు?

“నన్ను కాకుండా ఆయన్నే అడిగితే ఎలా?”

కూర్చున్న దగ్గర్నుంచీ ఆవిడ ఈ మాట ఎన్నిసార్లు అందో. వీసా ఏజెంటు నవ్వాడు. ఇంటర్వ్యూలో అడిగేదే ఆయన్ని అన్నాడు. ఇది రిటైరైనవాళ్లకిచ్చే వీసా. పెన్షన్ ఆయనది, కాబట్టి దరఖాస్తూ ఆయనదే. ఆయన రైలింజను, ఆవిడ వెనక తగిలించిన పెట్టె, అంతే.

ఇంజను పక్క కుర్చీలోనే ఉంది. ఫ్యాను వంక చూస్తోంది. ఓడరేవులో క్రేను నడిపి రిటైరైన మనిషి. పైన గూట్లో ఒంటరిగా కూర్చుని, కిందివాళ్ల చేతి సైగలు చూసి బరువులెత్తడమే పని. మొదట్నుంచీ మాట తక్కువ. కొన్నేళ్లుగా ఆ తక్కువా లేదు.

ఏజెంటు బల్ల మీద ఫొటోలు పరిచాడు. సముద్రం, ఇసుక, గొడుగుల కింద నడుం వాల్చిన తెల్లజుట్టు దంపతులు. అతను పంపినవాళ్లంతా అక్కడికే వెళ్లారట. ఈవిడ చెప్పిన ఊరు మ్యాపులో వెతకడానికి మాత్రం కళ్లజోడు తుడుచుకోవాల్సి వచ్చింది. సముద్రం లేదు, కొండ లేదు. ఓ సిమెంటు ఫ్యాక్టరీ, ఓ బస్టాండు.

ప్రశాంతంగా ఉంటుంది అంది ఆవిడ.

“శ్మశానం కూడా ప్రశాంతంగానే ఉంటుందండీ.”

ఆవిడకి నవ్వు రాలేదు. పోయినేడు టూరిస్టు వీసా మీద ఒక్కతే వెళ్లి ఆ ఊరు చూసొచ్చింది. మళ్లీ వెళ్తానంటే ఇవ్వలేదు. ఇక మిగిలిన దారి ఇదొక్కటే. ఇదీ మూసుకుపోతే అన్న ఆలోచన వస్తే చాలు, ఆవిడ దరఖాస్తు కాగితాలు మళ్లీ మొదట్నుంచీ లెక్కపెట్టుకుంటోంది.

అద్దెకి గది కూడా అక్కడే కుదిర్చింది. కిటికీ తెరిస్తే ఎదురుగా పొడుగాటి గోడ తప్ప ఏమీ కనపడదని, అందుకే ఎవరూ చేరడం లేదని ఇంటాయనే ముందుగా చెప్పేశాడు. వెనకవైపు తోట కనిపించే గది చూపిస్తానన్నాడు. వద్దు, గోడ వైపుదే కావాలంది. ఇదంతా విన్న ఏజెంటు ఆవిణ్ణి ఓసారి ఎగాదిగా చూసి, మీ ఇష్టం అన్నాడు.

ఇలాంటి ఊరే ఎందుకని తప్పకుండా అడుగుతారట. దానికి జవాబు కూడా అతనే అల్లిపెట్టాడు. పొడిగాలి నా ఊపిరితిత్తులకి మంచిదని డాక్టరు చెప్పారు. అంతే. ఒక్క ముక్క.

ఆ ఒక్క ముక్క ఆయన చేత అనిపించడానికి ఆవిడ పడని పాటు లేదు. అన్నం వడ్డిస్తూ అంది. మంచినీళ్లిస్తూ అంది. ఆయన విన్నాడో లేదో తెలియదు. ఆ ఊరి పేరు ఎత్తితే చాలు, తింటున్న కంచం ముందు నుంచి లేచి వరండాలోకి వెళ్లిపోతాడు. దరఖాస్తు మీద సంతకం పెట్టిన రోజున మాత్రం నోరు విప్పాడు.

“సంతకం పెడతాను. నన్ను మాట్లాడమని మాత్రం అడక్కు.”

కొత్తగా పక్కింట్లో దిగినావిడకి ఇదంతా సరదాగా ఉంది. “మీకేం వదినగారూ, పిల్లాజెల్లా బాదరబందీ లేదు. హాయిగా ఎగిరిపోతారు,” అంది. బల్లిని చూస్తే కుర్చీ ఎక్కే మనిషి మీరు, పరాయి దేశంలో ఎలా నెట్టుకొస్తారని కూడా అడిగింది. ఆవిడ నవ్వి ఊరుకుంది. లోపలికొచ్చి తలుపేసుకుని చాలాసేపు కుళాయి దగ్గరే నిలబడిపోయింది.

ఇంటర్వ్యూ రోజున బస్సెక్కాక కొత్త భయాలు పట్టుకున్నాయి. దారిలో టైరు పేలితే? ఆఫీసరు ఇంట్లో పోట్లాడి వచ్చి ఉంటే? అన్నిటికన్నా ముఖ్యంగా, ఈయన మధ్యలో లేచి వెళ్లిపోతే?

లేచి వెళ్లడం కుదరదని లోపలికెళ్లాక తెలిసింది. వాళ్ల వెనకాల తలుపు దానంతటదే మూసుకుంది. దానికి ఇవతల పిడి లేదు. నేలకి బిగించిన కుర్చీలు రెండు. మధ్యలో మందపాటి అద్దం, మాట వినపడటానికి జల్లెడలాంటి చిల్లులు. అద్దం అవతల అధికారిణి కూర్చుని ఉంది. చెడ్డమనిషిలా లేదు. అది చూసి ఆవిడకి ఇంకా భయం వేసింది.

ఏం పని చేసేవారని అధికారిణి అడిగింది. క్రేను నడిపేవారండీ అంది ఆవిడ. ఆరోగ్యం ఎలా ఉంటుంది? పరవాలేదండీ, కాస్త ఆయాసం. అక్కడ పొద్దు ఎలా గడుపుతారు? ఆవిడ నోరు తెరవబోయింది. అధికారిణి చెయ్యెత్తి ఆపింది.

“మీరు కాదమ్మా. ఆయన చెప్పాలి.”

ఆయన బల్ల అంచు వైపు చూస్తున్నాడు.

అధికారిణి ప్రశ్న మార్చింది. మా దేశంలో ఎన్నో అందమైన ఊళ్లున్నాయి, రిటైరైనవాళ్లెవరూ పోని ఆ ఊరే ఎందుకు ఎంచుకున్నారు అంది. కంప్యూటరు మీద నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. జవాబు వినకుండా వదిలేలా లేదు.

ఆవిడ మోకాలితో ఆయన మోకాలిని మెల్లగా తాకింది. పొడిగాలి అనండి. ఊపిరితిత్తులనండి. ఏదో ఒకటి అనండి. లోపల్లోపల ఆ ముక్క అప్పజెప్పుకుంటుంటే ఆవిడ పెదాలు కదిలాయి. ఆయన పెదాలు కదల్లేదు.

పై గదిలో ఎవరో కుర్చీ జరిపారు. అధికారిణి గడియారం చూసుకోబోయి మానేసింది. ఇక పెన్ను తీసుకుంటుంది, కొట్టేస్తుంది, అయిపోయింది అనుకుంది ఆవిడ. తిరిగి బస్సులో ఏ సీట్లో కూర్చుని ఏడవాలో కూడా అనుకుంది.

అప్పుడు ఆయన గొంతు సవరించుకున్నాడు. తలెత్తి, అద్దంలోంచి సూటిగా అధికారిణి వంక చూశాడు.

“మా అమ్మాయి ఆ ఊరి జైల్లో ఉందండి, యావజ్జీవం.”