సర్వర్ పనిచేయడం లేదు

జూన్ పదకొండు. తండ్రీ కూతుళ్ళు బ్రెడ్డు ముక్కలు టీలో ముంచుకుని తింటుంటే ఫోను టింగుమంది.

"నాన్నా, ఉద్యోగం ఖాయమైంది!"

విదేశంలో ఓ కుటుంబం. వాళ్ళింట్లోనే ఉంటూ ఇద్దరు పిల్లల్ని చూసుకోవాలి. తిండి, గది వాళ్ళవే. పైన జీతం.

"ముందు వీసా ఫీజు మనం కట్టాలట. మొదటి జీతంతో కలిపి తిరిగి ఇచ్చేస్తారట."

తండ్రి దర్జీ. కంట్లో శుక్లం ముదిరి, సూదిలో దారం కూడా కూతురే ఎక్కించి పెడుతోంది. ఇంట్లో ఉన్న డబ్బల్లా ఆ కంటి ఆపరేషన్ కోసం దాచిందే.

"తీసుకెళ్ళమ్మడూ. కన్ను ఎక్కడికీ పారిపోదుగా," అన్నాడు.

డబ్బు పంపే షాపులో, కౌంటరు వెనక ఓ నడివయసు ఆవిడ కూర్చుని ఉంది.

"వీళ్ళు నీకేమవుతారమ్మా?"

"ఉద్యోగం ఇచ్చినవాళ్ళు."

"ఎప్పుడైనా మొహం చూసి మాట్లాడావా?"

"మెసేజీలు పెడతారు. పిల్లల ఫొటోలు కూడా పంపారు. ఎంత ముద్దుగా ఉన్నారో!"

"వాళ్ళుండేది ఒక దేశం. డబ్బు పోయేది ఇంకో దేశానికి. పేరేమో మూడో మనిషిది. నీకేం అనిపించట్లేదా తల్లీ?"

"ఆయన వాళ్ళ లాయరు. అయినా ఇవన్నీ మీకెందుకండీ? పంపడమేగా మీ పని!"

ఆవిడ కంప్యూటర్ వైపు తిరిగి కాసేపు మీటలు నొక్కింది.

"సర్వర్ డౌనమ్మా. రేపు రా. ఈలోగా వాళ్ళని ఒక్కసారి వీడియోలో కనపడమను."

అడిగింది. కెమెరా పాడైందని జవాబొచ్చింది. శుక్రవారంలోగా కట్టకపోతే ఇంకో అమ్మాయిని తీసుకుంటామని కూడా వచ్చింది.

మర్నాడూ సర్వర్ లేదు.

ఆ మర్నాడు తండ్రి కూడా వెళ్ళాడు. ఆవిడే లేచొచ్చి ఆయనకు స్టూలు జరిపింది.

"మీ కంప్యూటర్ మా కుట్టుమిషన్ కన్నా మొండిదిలా ఉందే!"

ఆవిడ నవ్వలేదు.

"ఆ డబ్బు దేనికి దాచుకున్నారన్నయ్యా?"

"నా కంటికి."

"అయితే ముందు కన్ను చేయించుకోండి."

"విన్నావా నాన్నా, సలహాలు!" కూతురు అందరికీ వినపడేలా అంది. "సర్వర్ డౌనైనా ఆంటీ నోరు మాత్రం డౌనవదు."

బయటికొస్తూనే బోర్డు మీది నంబరుకి ఫోన్ చేసింది. షాపు యజమాని ఎత్తాడు.

"మీ కౌంటర్లో ఆవిడ పని చెయ్యదు, కూపీలు మాత్రం లాగుతుంది. ఇప్పటికి మూడుసార్లు తిప్పింది. నా ఉద్యోగం పోతే మీరిస్తారా?"

శుక్రవారం కౌంటర్లో కొత్తాయన ఉన్నాడు. "కూర్చోండి మేడమ్" అన్నాడు. ఆమె కూర్చునేలోగానే డబ్బు వెళ్ళిపోయింది.

సోమవారం ఇన్సూరెన్సు ఫీజు కట్టమన్నారు. మా దగ్గర ఇంకేమీ లేదంది. అంతే, ఆ నంబరు మూగబోయింది.

రాయబార కార్యాలయానికి ఫోన్ చేస్తే, "ఈ పేరుతో మాకు ఏ దరఖాస్తూ రాలేదమ్మా" అన్నారు.

ఇద్దరూ పడుతూ లేస్తూ షాపుకి వెళ్ళారు. యజమాని ఒక్కడే ఉన్నాడు, మూసేసే హడావిడిలో.

"ఆ డబ్బు వెనక్కి రప్పించండి సార్."

"పంపిన గంటకే తీసేసుకున్నారమ్మా. నా చేతుల్లో ఏం లేదు. పోలీసులకి చెప్పండి, కావాల్సిన కాగితాలు నేనిస్తాను."

తండ్రి స్టూలు తడుముకుని కూర్చున్నాడు.

కూతురు ఖాళీ కౌంటరు వైపు చూసింది. "ఆవిడ ఏరండీ?"

"మీరు చెప్పాక తీసేశాను. నాతో ఒక్క మాటా అనకుండా వెళ్ళిపోయింది. పంపిన దాంట్లో వాటాయే తప్ప ఆవిడకి వేరే జీతం లేదు. మరి మిమ్మల్ని అన్నిసార్లు ఎందుకు తిప్పిందో నాకిప్పటికీ అంతుపట్టలేదు."

"ఆవిడ తప్పేం లేదు సార్. మీ సర్వరే పనిచెయ్యలేదు. ఇంకో నాలుగు రోజులు అలాగే ఉన్నా బాగుండేది!"

లైట్లు ఆర్పబోతున్నవాడు ఆగి, ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు.

"మా సర్వర్ ఒక్కరోజు కూడా ఆగలేదమ్మా," అని మెల్లగా అని, వాళ్ళు మెట్లు దిగాక, చప్పుడు కాకుండా తలుపు మూశాడు.